పాత ఇంటి స్థానంలో అపార్టుమెంటు: ప్రణాళికా పరిశీలన ఎందుకు, ఎలా?

పీఠిక

మీ వీధిలో ఒక పాత పెంకుటిల్లు ఉందనుకోండి. ఒకరోజు దాని ముందు ఇసుక, కంకర దింపారు. వారం తిరగకుండా ఇల్లు నేలమట్టమైంది. ఆ తరువాత అక్కడ నాలుగంతస్తుల భవనం లేచింది. "వాళ్ల స్థలం, వాళ్ల ఇష్టం" అన్నారు కొందరు. "మా ఇంటికి గాలీ వెలుతురూ పోయాయి, కుళాయిలో నీళ్లు తగ్గాయి" అన్నారు మరికొందరు. ఈ రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. స్థలం సొంతదారుదే. కాని గాలి, వెలుతురు, నీరు, మురుగు కాలువ, దారి అందరివీ. సొంత హక్కుకూ అందరి అవసరానికీ పొత్తు కుదర్చడానికి ఏర్పడిన పద్ధతినే ప్రణాళికా పరిశీలన అంటారు.

ఈ పాఠంలో పుదుచ్చేరి పట్టణాన్ని ఉదాహరణగా తీసుకొని ఆ పద్ధతిని తెలుసుకుందాం. తెలుగువారి యానాం కూడా పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోనిదే కనుక ఈ ఉదాహరణ మనకు మరీ దూరమైనది కాదు.

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• పుదుచ్చేరి పాత పట్టణం నిర్మాణ తీరును వివరించగలుగుతారు.
• పాత ఇళ్లు ఎందుకు కూలుతున్నాయో కారణాలు చెప్పగలుగుతారు.
• కొత్త భవనానికి అనుమతి ఇచ్చే ముందు పరిశీలించే అంశాలను గుర్తించగలుగుతారు.
• ఒక చిన్న స్థలంలో ఎంత నిర్మాణం చేయవచ్చో లెక్క కట్టగలుగుతారు.
• ఈ నిర్ణయాలలో పౌరుడు ఎప్పుడు, ఎలా పాల్గొనవచ్చో తెలుసుకుంటారు.

12.1 పుదుచ్చేరి పాత పట్టణం

ఫ్రెంచివారు 1674లో ఇక్కడ స్థిరపడ్డారు. 1693లో డచ్చివారు పట్టణాన్ని పట్టుకొని 1699 వరకు తమ అధీనంలో ఉంచుకున్నారు. నేటికీ కనిపించే నిలువు, అడ్డ వీధుల గళ్ల అమరికకు వారి కాలంలోనే రూపు ఏర్పడింది. 1761లో ఆంగ్లేయులు పట్టణాన్ని పడగొట్టారు. 1765లో ఫ్రెంచివారు తిరిగి వచ్చి పాత వీధుల జాడ మీదే పట్టణాన్ని మళ్లీ కట్టుకున్నారు.

ఈ పాత పట్టణం కోలగా ఉంటుంది. చుట్టూ నాలుగు పెద్ద రోడ్లు ఉన్నాయి. తూర్పున సముద్రం ఒడ్డున గూబెర్ అవెన్యూ, పడమర అన్నా సాలై, ఉత్తరాన సర్దార్ పటేల్ సాలై, దక్షిణాన సుబ్బయ్య సాలై. నడుమ ఉత్తర దక్షిణాలుగా పెద్ద కాలువ సాగుతుంది. కాలువకు తూర్పున ఫ్రెంచి వాడ, పడమర తమిళ వాడ.

రెండు వాడల ఇళ్లూ ఒకలాంటివి కావు. ఫ్రెంచి వాడలో వీధి అంచునే ఎత్తయిన గోడ, పెద్ద గేటు ఉంటాయి. లోపల తోట, స్తంభాల వసారా ఉంటాయి. తమిళ వాడలో ఇల్లు వీధిని ఆహ్వానిస్తున్నట్లు ఉంటుంది. గోడకు ఆనుకొని మన అరుగు లాంటి 'తిణ్ణై' ఉంటుంది. దాని ముందు కర్ర స్తంభాల మీద పెంకుల చూరు వీధివైపు దిగుతుంది. దీనిని 'తాళ్వారం' అంటారు. ఎండలోనూ వానలోనూ దారిన పోయేవారు దాని కింద నిలబడవచ్చు. లోపల నడిమధ్య ఆకాశానికి తెరచిన ముంగిలి ఉంటుంది. గోదావరి జిల్లాల మండువా లోగిలి చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఇళ్లు ఒకదానికొకటి ఆనుకొని వరుసగా ఉంటాయి కనుక గాలీ వెలుతురూ పక్కల నుంచి రావు, ఈ ముంగిలి నుంచే వస్తాయి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఈ వీధుల అందం ఏ ఒక్క ఇంటిదీ కాదు. ఒకే ఎత్తు, ఒకే వరుస, ఒకదాని చూరును అందుకునే మరొక చూరు, వీటన్నిటి కూర్పు అది. వరుసలో ఒక ఇల్లు పోతే పోయేది ఆ ఇల్లు మాత్రమే కాదు.

12.2 పాత ఇళ్లు ఎందుకు కూలుతున్నాయి?

ఇన్‌టాక్ అనే వారసత్వ పరిరక్షణ సంస్థ 1980 దశకం నుంచి పుదుచ్చేరిలో పనిచేస్తున్నది. 1990 దశకం మధ్యలో అది తయారుచేసిన జాబితాలో సుమారు 1,800 పాత కట్టడాలు ఉన్నాయి. 2000 దశకం చివరికి వాటిలో మిగిలినవి సుమారు 1,200. అంటే ప్రతి మూడు కట్టడాలలో ఒకటి పోయినట్లు. వీటిని యుద్ధమో భూకంపమో పడగొట్టలేదు. ఒక్కొక్క ఇంటి యజమాని తన ఇంటి గురించి విడివిడిగా తీసుకున్న నిర్ణయాలు కలిసి ఈ ఫలితాన్ని ఇచ్చాయి.

యజమానులను తప్పుపట్టడం తేలిక. కాని వారి కష్టాలు కూడా తెలుసుకోవాలి.

(అ) వారసత్వపు పంపకాలు: తాత కట్టిన ఇంటికి మనుమల కాలానికి ఎనిమిది పది మంది హక్కుదారులవుతారు. ముంగిలిని ఎనిమిది వాటాలు వేయలేరు. అమ్మి డబ్బు పంచుకోవడమో, అపార్టుమెంట్లు కట్టి తలా ఒకటి తీసుకోవడమో సులువుగా తోస్తుంది.

(ఆ) మరమ్మతు ఖర్చు: పాత ఇల్లు సున్నం, ఇటుక, కలపతో కట్టినది. సున్నపు పని తెలిసిన మేస్త్రీలు తక్కువ. సున్నపు గోడకు సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక గోడ మరింత పాడవుతుంది.

(ఇ) భూమి విలువ: పట్టణం నడిబొడ్డున స్థలం ధర పెరిగేకొద్దీ, దాని మీద ఉన్న ఒంటి అంతస్తు ఇల్లు యజమానికి బరువుగా కనిపిస్తుంది.

(ఈ) ఇళ్ల కొరత: 2011 జనగణన నాటికి పుదుచ్చేరి పురపాలక ప్రాంత జనాభా సుమారు 2 లక్షల 44 వేలు. బజారుకు, బడికి, ఆసుపత్రికి నడచి వెళ్లగల చోట ఇల్లు కావాలని కోరుకోవడం న్యాయమే.

కనుక పాతదంతా మంచిదనీ, కొత్తదంతా చెడ్డదనీ అనుకోరాదు. ఏ చోట ఎంత మార్పు తగునో ముందుగా ఆలోచించడమే ప్రణాళిక పని.

పాఠ్యాంశ ప్రశ్నలు 12.1
1. తమిళ వాడ ఇళ్లకు గాలి, వెలుతురు ప్రధానంగా ఎక్కడి నుంచి వస్తాయి?
2. 'తాళ్వారం' వల్ల ప్రయోజనం ఎవరికి?
3. పాత ఇళ్లు కూలడానికి రెండు కారణాలు రాయండి.

12.3 అనుమతి ఎవరు ఇస్తారు?

పుదుచ్చేరిలో ఈ వ్యవహారాలకు ఆధారం 1969 నాటి పట్టణ, గ్రామీణ ప్రణాళికా చట్టం. దీని ప్రకారం పనిచేసే సంస్థ పుదుచ్చేరి ప్లానింగ్ అథారిటీ. ఆ పరిధిలో భవనం కట్టదలచినవారు నక్షాలు, స్థలం పత్రాలు జతచేసి ఈ సంస్థకు దరఖాస్తు పెట్టుకోవాలి. స్థలం ఎంత వదలాలి, ఎత్తు ఎంత ఉండాలి వంటి వివరాలు 2012 నాటి నిర్మాణ నియమావళిలో, దానికి తరువాత వచ్చిన సవరణలలో ఉంటాయి. వారసత్వ కట్టడాల విషయంలో ప్రభుత్వానికి సలహా చెప్పడానికి ఒక రాష్ట్రస్థాయి సలహా సంఘం ఏర్పాటైంది.

పురపాలక సంఘం మాటేమిటి? నీరు, మురుగు, చెత్త వంటి సేవలు పట్టణవాసులకు నిత్యం అవసరం. వీటి గురించి వార్డు సభ్యుడిని నిలదీయగలగడం స్థానిక స్వపరిపాలనలో ముఖ్యమైన భాగం. అయితే పుదుచ్చేరిలో 1968 తరువాత స్థానిక ఎన్నికలు మళ్లీ 2006లోనే జరిగాయి. అలా ఎన్నికైన సభ్యుల పదవీకాలం 2011లో ముగిసింది. ఆ తరువాత చాలా ఏళ్లు ఎన్నికలు లేవు. వార్డు సభ్యుడు లేనిచోట పౌరుడు తన మాట తానే కాగితం మీద పెట్టుకోవలసి వస్తుంది. ఎలా పెట్టాలో 12.6లో చూద్దాం.

12.4 పరిశీలనలో చూసే అంశాలు

1. భూవినియోగం: పట్టణ ప్రణాళికలో ఏ ప్రాంతం నివాసానికి, ఏది వ్యాపారానికి, ఏది పరిశ్రమలకు అని ముందే గుర్తిస్తారు. ప్రతిపాదించిన భవనం ఆ ప్రాంతానికి తగినదేనా అన్నది మొదటి ప్రశ్న.

2. నిర్మాణ పరిమాణం: స్థలం విస్తీర్ణానికి అన్ని అంతస్తుల మొత్తం విస్తీర్ణం ఎన్ని రెట్లు ఉండవచ్చో చెప్పే సంఖ్యను ఫ్లోర్ ఏరియా నిష్పత్తి అంటారు. నేలమీద భవనం ఆక్రమించే భాగానికి మరొక పరిమితి ఉంటుంది.

3. వదలవలసిన ఖాళీ స్థలం: కొత్త కాలనీలలో ఇంటి చుట్టూ కొంత స్థలం వదలాలన్న నియమం మంచిది. అది గాలికి, అగ్నిమాపక వాహనానికి దారి ఇస్తుంది. కాని ఇళ్లు ఆనుకొని ఉన్న పాత వీధిలో ఒక్క భవనం మాత్రం మూడు మీటర్లు వెనక్కి జరిగితే ఏమవుతుంది? వరుస తెగిపోతుంది. చూరు నీడ మాయమవుతుంది. ముందు వదిలిన చోటు బండ్లు నిలిపే స్థలమవుతుంది. ఒక చోట మేలు చేసే నియమం మరొక చోట కీడు చేయవచ్చు. పాత వాడలకు విడిగా నియమాలు కావాలనడానికి కారణం ఇదే.

4. సేవలు: నీరు, మురుగు, విద్యుత్తు, వాహనాలు నిలిపే స్థలం, వాన నీరు పోయే దారి. ఇంటి లోపలి ముంగిలి వాన నీటిని కొంత ఇంకించుకుంటుంది. స్థలమంతా కాంక్రీటు పరిస్తే ఆ నీరు వీధిలోకి వస్తుంది.

5. సముద్ర తీరం: పోటు సమయంలో నీరు చేరే గీత నుంచి 500 మీటర్ల వరకు తీరప్రాంత నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయి. ఇవి మొదట 1991లో వచ్చాయి. 2011లోనూ 2019లోనూ వీటి స్థానంలో కొత్త ప్రకటనలు వెలువడ్డాయి. సముద్రానికి దగ్గరగా ఉన్న వీధులలో కట్టేవారు వీటిని కూడా పాటించాలి.

6. పర్యావరణ అనుమతి: 2006 నాటి కేంద్ర ప్రకటన ప్రకారం 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణ విస్తీర్ణం గల భవనాలకు ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. పాత వీధిలోని చిన్న అపార్టుమెంటు దీని కిందికి రాదు. అందుచేత దాని ప్రభావాన్ని చూసే బాధ్యత పూర్తిగా స్థానిక పరిశీలన మీదే పడుతుంది.

7. వారసత్వం: కట్టడం పాతదా, దానికి విలువ ఉందా, మొత్తం కూల్చాలా, ముందు భాగం ఉంచి వెనుక కట్టవచ్చా అన్న ప్రశ్నలు ఇందులో వస్తాయి. వీటిని కూల్చక ముందే అడగాలి. కూల్చిన తరువాత అడిగితే ఫలితం లేదు.

12.5 లెక్క కట్టి చూద్దాం

ఇది అభ్యాసం కోసం ఊహించిన ఉదాహరణ. ఇందులోని నిష్పత్తులు లెక్క సులువుగా ఉండడానికి తీసుకున్నవి. మీ ఊరి నియమాలు వేరుగా ఉండవచ్చు.

పది మీటర్ల వెడల్పు, ముప్పై మీటర్ల పొడవు గల స్థలంలో ఆరుగురు ఉండే పాత ఇల్లు ఉంది.

స్థలం విస్తీర్ణం: 10 × 30 = 300 చదరపు మీటర్లు.
నేలమీద సగం మాత్రమే కట్టవచ్చు అనుకుంటే: 300 × 1/2 = 150 చదరపు మీటర్లు.
ఫ్లోర్ ఏరియా నిష్పత్తి 1.5 అనుకుంటే మొత్తం నిర్మాణం: 300 × 1.5 = 450 చదరపు మీటర్లు.
అంతస్తులు: 450 ÷ 150 = 3.

గోడలు, మెట్లు కలుపుకొని ఒక్కొక్క వాటాకు 75 చదరపు మీటర్లు చొప్పున 450 ÷ 75 = 6 వాటాలు వస్తాయి. వాటాకు నలుగురు చొప్పున 24 మంది.

ఇప్పుడు నీటి సంగతి. మురుగు పైపుల వ్యవస్థ ఉన్న పట్టణాలలో మనిషికి రోజుకు 135 లీటర్లు కావాలని మన దేశంలో ప్రమాణంగా తీసుకుంటారు.

ముందు: 6 × 135 = 810 లీటర్లు.
తరువాత: 24 × 135 = 3,240 లీటర్లు.

అంటే నాలుగు రెట్లు. ఒక్క ఇంటితో వీధికి పెద్ద చిక్కు రాకపోవచ్చు. అదే వీధిలో ఇరవై ఇళ్లు ఇలాగే మారితే? పైపు మాత్రం పాతదే. ఒక్కొక్క దరఖాస్తును విడిగా చూస్తే ప్రతిదీ చిన్నదిగానే కనిపిస్తుంది. వీధి మొత్తాన్ని కలిపి చూస్తేనే భారం తెలుస్తుంది. పరిశీలకులు వేసుకోవలసిన ముఖ్యమైన ప్రశ్న ఇదే.

అయితే ఆరు కుటుంబాలకు పట్టణం నడుమ ఇల్లు దొరకడం కూడా లాభమే. ఆ లాభాన్ని లెక్కలోంచి తీసివేయకూడదు. ముందు భాగాన్ని, ముంగిలిని నిలిపి, వెనుక భాగంలో మూడు నాలుగు వాటాలు కట్టే నక్షా సాధ్యమా? ఇలాంటి మధ్యేమార్గాన్ని వెతకడం పరిశీలనలో భాగం.

పాఠ్యాంశ ప్రశ్నలు 12.2
1. స్థలం 200 చదరపు మీటర్లు, ఫ్లోర్ ఏరియా నిష్పత్తి 1.5 అయితే మొత్తం ఎంత కట్టవచ్చు?
2. ఖాళీ స్థలం వదలాలన్న నియమం పాత వీధికి ఎందుకు సరిపడదు?

12.6 పౌరుడు ఎప్పుడు మాట్లాడవచ్చు?

ఇంగ్లండులో ఒక భవనానికి దరఖాస్తు వచ్చినప్పుడు ఆ సంగతి ప్రకటించి, ఇరుగుపొరుగువారు అభిప్రాయం రాయడానికి సాధారణంగా 21 రోజుల గడువు ఇస్తారు. మన దేశంలో పద్ధతి వేరు. ఇక్కడ ప్రజల అభ్యంతరాలు, సలహాలు ప్రధానంగా పట్టణ ప్రణాళిక ముసాయిదా దశలో అడుగుతారు. మామూలు భవనం దరఖాస్తు వచ్చినప్పుడు ప్రతి పొరుగువారినీ పిలిచి అడిగే పద్ధతి లేదు. చాలామంది ముసాయిదా ప్రకటన వచ్చినప్పుడు పట్టించుకోరు, పక్కింటి గోడ కూలుతున్నప్పుడు పరుగెత్తుతారు. అప్పటికి గడువు దాటిపోతుంది. కాబట్టి ఈ మూడు దశలను గుర్తుంచుకోండి.

మొదటి దశ: ముసాయిదా ప్రణాళిక వెలువడినప్పుడు మీ వీధి ఏ వర్గంలో ఉందో పటంలో చూడండి. అభ్యంతరం ఉంటే గడువులోగా రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి.

రెండవ దశ: పనులు మొదలయ్యే సూచనలు కనిపించినప్పుడు 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అనుమతి పత్రం, ఆమోదించిన నక్షా నకళ్లు కోరవచ్చు. మామూలుగా 30 రోజులలో జవాబు ఇవ్వాలి. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గాని, ఎనిమిదికి మించిన వాటాలతో గాని అమ్మకానికి కట్టేవారు 2016 నాటి స్థిరాస్తి చట్టం కింద నమోదు చేసుకోవాలి.

మూడవ దశ: నక్షాకు విరుద్ధంగా కడుతుంటే ఫిర్యాదు చేయండి. ఫిర్యాదులో "మాకు ఇష్టం లేదు" అని రాస్తే చాలదు. ఏ నియమానికి, ఎన్ని మీటర్లు, ఏ వైపు విరుద్ధమో రాయాలి.

అధికారుల నిర్ణయం సరికాదని తోస్తే న్యాయస్థానం ఉంది. తెలుగువారికి తెలిసిన ఉదాహరణ హైదరాబాదులోని ఎర్రమంజిల్. కొత్త శాసనసభ భవనం కోసం ఈ పాత భవంతిని కూల్చాలని తెలంగాణ మంత్రివర్గం 2019 జూన్‌లో నిర్ణయించింది. అదే సంవత్సరం సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. ప్రభుత్వమైనా పద్ధతి ప్రకారమే నడవాలని ఈ తీర్పు మనకు తెలుపుతుంది.

12.7 రెండు అనుభవాలు

పుదుచ్చేరి పట్టణమే ఈ విషయంలో రెండు అనుభవాలను చూపిస్తుంది.

మొదటిది మేరీ. ఇది సముద్రతీరాన 1870-71 ప్రాంతంలో కట్టిన పురపాలక భవనం. ఎవరూ దీనిని కూల్చమని ఆజ్ఞాపించలేదు. బాగుచేయాలన్న మాట నడుస్తూనే ఉండగా, 2014 నవంబరు 29న భారీ వర్షాలకు అదే కూలిపోయింది. తరువాత పాత రూపంలోనే తిరిగి కట్టారు. 2021 ఫిబ్రవరిలో ప్రారంభోత్సవం జరిగింది. సకాలంలో చేసే మరమ్మతు కంటే తిరిగి కట్టడం ఎంతో ఖరీదైన పని. అదీగాక తిరిగి కట్టినది పాత భవనానికి పోలికే గాని, పాత భవనం కాదు.

రెండవది తమిళ వాడలోని వైశ్యాళ్ వీధి. దీనిని కాల్వే సుబ్బరాయ చెట్టి వీధి అని కూడా అంటారు. ఐరోపా సమాజపు 'ఏషియా ఉర్బ్స్' పథకం సాయంతో 2002-2004 మధ్య ఈ వీధిలో ఇరవై ఇళ్ల ముఖభాగాలను బాగుచేశారు. ఇటలీలోని ఉర్బీనో, ఫ్రాన్సులోని విల్‌నేవ్-సుర్-లో పట్టణాలు ఇందులో భాగస్వాములు. ఖర్చులో కొంత పథకం భరించింది, కొంత ఇంటివారు భరించారు. అరుగులు, చూర్లు, కర్ర స్తంభాలు మళ్లీ వరుసగా నిలిచాయి. 2008లో ఈ పనికి యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం లభించింది.

ఈ రెంటినీ పోల్చి చూడండి. వైశ్యాళ్ వీధిలో ఇంటివారిని "కూల్చవద్దు" అని ఆపి ఊరుకోలేదు, వారి ఖర్చులో పాలు పంచుకున్నారు. పాత ఇల్లు నిలవడం వల్ల మేలు వీధికంతటికీ కలుగుతున్నప్పుడు, దానిని నిలబెట్టే భారమంతా ఒక్క కుటుంబం మీద వేయడం న్యాయం కాదు. నిషేధంతో పాటు సాయం కూడా ఉంటేనే నియమం నిలుస్తుంది.

మీరు ఏమి నేర్చుకున్నారు?

• ఇంటి స్థలం సొంతమే అయినా, భవనం ప్రభావం వీధి అంతటి మీదా ఉంటుంది.
• పుదుచ్చేరిలో చాలా పాత ఇళ్లు ఒక్కొక్కటిగా, విడివిడి నిర్ణయాల వల్ల పోయాయి.
• పరిశీలనలో భూవినియోగం, పరిమాణం, ఖాళీ స్థలం, సేవలు, తీరం, పర్యావరణం, వారసత్వం అనే అంశాలు చూస్తారు.
• ఒక్కొక్క దరఖాస్తును కాక, అలాంటివన్నీ కలిపి కలిగే ఫలితాన్ని అంచనా వేయాలి.
• పౌరుడి మాటకు ఎక్కువ విలువ ఉండేది ముసాయిదా ప్రణాళిక దశలో.

కృత్యం

మీ వీధిలో ఒక వరుసలోని పది ఇళ్లను చూసి, ప్రతి ఇంటికీ అంతస్తుల సంఖ్య, అరుగు ఉందా లేదా, ముందు ఎంత స్థలం వదిలారు అన్న వివరాలు పట్టికగా రాయండి. ఇరవై ఏళ్ల కిందట ఈ వీధి ఎలా ఉండేదో ఇంట్లోని పెద్దవారిని అడిగి, రెండవ పట్టిక తయారుచేయండి. రెండు పట్టికల తేడాలను ఐదు వాక్యాలలో రాయండి.

పాఠాంత ప్రశ్నలు

1. ఫ్రెంచి వాడ ఇంటికీ తమిళ వాడ ఇంటికీ గల భేదాలు రాయండి.
2. "స్థలం నాది, ఇష్టం నాది" అన్న వాదాన్ని మీరు ఎంతవరకు ఒప్పుకుంటారు? కారణాలతో రాయండి.
3. ఎనిమిది మంది వారసులున్న ఒక పాత ఇంటి విషయంలో కుటుంబానికీ వీధికీ నష్టం లేని ఒక మార్గాన్ని సూచించండి.
4. మేరీ, వైశ్యాళ్ వీధి అనుభవాలను పోల్చండి.

పాఠ్యాంశ ప్రశ్నలకు జవాబులు

12.1: (1) ఇంటి నడుమ ఉన్న ముంగిలి నుంచి. (2) దారిన పోయేవారికి. ఎండ, వానల నుంచి రక్షణ. (3) వారసత్వపు పంపకాలు, మరమ్మతు ఖర్చు, భూమి విలువ, ఇళ్ల కొరత: వీటిలో ఏవైనా రెండు.

12.2: (1) 300 చదరపు మీటర్లు. (2) ఇళ్ల వరుస తెగిపోతుంది, చూరు నీడ పోతుంది, ముందు వదిలిన చోటు బండ్లు నిలిపే స్థలంగా మారుతుంది.